టీము పనుల తేదీలు మార్చేముందు ఆ పని చేసేవారిని అడగాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఉద్యోగ, సాంకేతిక పేజీల్లో ప్రాజెక్టు ప్రణాళిక సాఫ్ట్‌వేర్లను పరిచయం చేసే వ్యాసాలు అప్పుడప్పుడు వస్తుంటాయి. పనులను టాస్కులుగా ఎలా విడగొట్టాలి, వాటిని ఒకదానితో ఒకటి ఎలా లింకు చేయాలి, పనులను తేదీల వెంట పట్టీలుగా చూపే గాంట్ చార్టును ఎలా చదవాలి అన్నవి వాటిలో బాగానే వివరిస్తారు. అయితే ప్రణాళిక తయారైన రెండో వారం నుంచే ప్రతి టీముకూ ఎదురయ్యే సంగతి మాత్రం వాటిలో కనిపించదు. అనుకున్న తేదీకి పూర్తికాని పనులను తిరిగి షెడ్యూలు చేయడం గురించి నేను మాట్లాడుతున్నాను. ప్రాజెక్టు షెడ్యూళ్లు తయారుచేయడం, వాటిని వారం వారం సరిదిద్దడం నా వృత్తి. పనుల తేదీలను క్షణాల్లో మార్చే వీలు సాఫ్ట్‌వేరు కల్పించిన కొద్దీ, మార్చేముందు ఆ పని చేస్తున్న మనిషిని ఒక్క మాట అడిగే అలవాటు తగ్గిపోవడం నేను దగ్గరగా చూస్తున్నాను. ఆ అలవాటును తిరిగి తెచ్చుకోవడం అవసరమని, అందుకు కావలసిన సదుపాయాలు ఆ సాఫ్ట్‌వేర్లలోనే ఉన్నాయని చెప్పడానికే ఈ లేఖ.

ఈ ఇబ్బందికి కారణం కొంతవరకు షెడ్యూలు లెక్కలు పుట్టిన తీరులోనే ఉంది. హెన్రీ గాంట్ 1910లలో ప్రచారంలోకి తెచ్చిన పటాలు కర్మాగారాల్లో ఏ యంత్రం, ఏ కార్మికుడు అనుకున్నదానిలో ఎంత పని చేశారో చూపడానికి కూడా ఉపయోగపడ్డాయి. ఆ తరవాత 1957లో డ్యూపాంట్, రెమింగ్టన్ ర్యాండ్ సంస్థల నిపుణులు రూపొందించిన క్రిటికల్ పాత్ పద్ధతి, మరుసటి ఏడాది అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం వచ్చిన పెర్ట్ పద్ధతి, ఏ పని తరవాత ఏ పని, దేనికి ఎంత కాలం అన్న రెండు విషయాల మీదనే తేదీలను లెక్కగట్టాయి. ఆ పని చేయడానికి మనుషులు ఎందరున్నారు, వాళ్లు అదే వారంలో ఇంకేం చేస్తున్నారు అన్నది మొదటి లెక్కలో లేదు. నేడు మనం వాడుతున్న సాఫ్ట్‌వేర్లు మనుషులను లెక్కలోకి తెచ్చినమాట నిజమే గానీ, తేదీల లెక్క పూర్తయిన తరవాత దాని మీద మరో పొరగానే తెచ్చాయి. అందుకే ఒక పని జారినప్పుడు తరవాతి పనుల తేదీలు వాటంతటవే కదులుతాయి. ఆ కదిలిన తేదీల్లో ఆ మనిషికి ఖాళీ ఉందా లేదా అన్నది మాత్రం మనమే పనిగట్టుకుని చూడాలి.

ఒక ఉదాహరణ తీసుకుంటాను. సాఫ్ట్‌వేరును పరీక్షించే ఒక టెస్టరుకు 40 గంటల పని ఇచ్చారు. రోజుకు 8 గంటల చొప్పున సోమవారం మొదలై శుక్రవారానికి అది పూర్తికావాలి. మంగళవారం సాయంత్రానికి 16 గంటల పని అయింది. బుధవారం ఆమెను మరో అత్యవసర పనికి పిలిచారు, శుక్రవారం వరకు అందులోనే ఉండిపోయింది. శుక్రవారం సాయంత్రం మేనేజరు ఆ టాస్కుకు 40 శాతం పూర్తి అని నమోదు చేసి ఫైలు మూసేస్తే, మిగిలిన 24 గంటల పని గడిచిపోయిన బుధ, గురు, శుక్రవారాల్లోనే ఉండిపోతుంది. ఆ పని మీద ఆధారపడిన తరవాతి పనులు సోమవారం మొదలవుతాయని చార్టు చూపుతూనే ఉంటుంది. జరగని పనిని గడిచిన రోజుల్లో వదిలేసిన షెడ్యూలు చూడటానికి ఎంత అందంగా ఉన్నా, అందులో ఒక్క తేదీని కూడా నమ్మడానికి లేదు.

దీన్ని సరిదిద్దడానికి మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ అనే ప్రణాళిక సాఫ్ట్‌వేరులో అప్‌డేట్ ప్రాజెక్ట్ అనే ఆదేశం ఉంది. అందులో, పూర్తికాని పనిని ఫలానా తేదీ తరవాత మొదలయ్యేలా తిరిగి షెడ్యూలు చేయమని చెప్పవచ్చు. అప్పుడు అయిపోయిన 16 గంటలు సోమ, మంగళవారాల్లోనే ఉంటాయి. మిగిలిన 24 గంటలు వచ్చే సోమవారానికి మారతాయి. మధ్యలో ఖాళీని చుక్కల గీత చూపుతుంది. కొత్త ముగింపు బుధవారం అవుతుంది. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆ 24 అన్న అంకె ఎక్కడిది? 40లోంచి 16 తీసివేయగా వచ్చింది. అది ఆమె చెప్పిన అంకె కాదు. అడిగితే ఆమె, మూడు రోజులు వదిలేశాను కాబట్టి టెస్టు డేటా మళ్లీ సిద్ధం చేసుకోవాలి, ఈలోపు కోడు కూడా మారింది, 36 గంటలు పడుతుంది అని చెప్పవచ్చు. ఆ 36ను రిమైనింగ్ వర్క్ అనే గడిలో రాస్తే ముగింపు శుక్రవారం మధ్యాహ్నానికి వెళుతుంది. బుధవారానికీ శుక్రవారానికీ మధ్య ఉన్న ఆ తేడా ఒక్క ప్రశ్నతో బయటపడేది. అడగకపోతే అది తరవాతి వారం ఆలస్యంగా, ఆమె తప్పుగా బయటపడుతుంది. శాతం పూర్తి అనే గడి కంటే మిగిలిన పని గంటల గడికే ఎక్కువ విలువ ఇవ్వాలని నేను పట్టుబట్టేది ఇందుకే. మొదటిది గడిచినదాని గురించి మేనేజరు అంచనా. రెండోది ముందున్నదాని గురించి పని చేసే మనిషి మాట.

ఇంకా మొదలుకాని పనులను ఇదే ఆదేశంతో జరిపినప్పుడు మరో చిక్కు ఉంది. సాఫ్ట్‌వేరు ఆ టాస్కు మీద, ఈ తేదీకి ముందు మొదలు కాకూడదు అనే కన్‌స్ట్రైంటును, అంటే తేదీ షరతును, పెట్టేస్తుంది. టీమ్ ప్లానర్ అనే వ్యూలో కూడా ఇంచుమించు ఇలాగే జరుగుతుంది. 2010 వెర్షన్‌తో వచ్చిన ఈ వ్యూలో టీములో ఒక్కొక్కరికీ ఒక్కో వరుస ఉంటుంది, వారి వారి పనులు తేదీల వెంట పట్టీలుగా కనిపిస్తాయి, ఎవరికీ కేటాయించని పనులు కింది భాగంలో ఉంటాయి. ఒకేసారి రెండు పనులు మీద పడ్డ వ్యక్తి పేరు ఎర్రగా మారుతుంది. మౌసుతో పట్టీని పట్టుకుని పక్క వారానికి లాగితే చాలు, పని వాయిదా పడుతుంది. పై వరుసలోంచి కింది వరుసకు లాగితే ఆ పని మరొకరికి బదిలీ అవుతుంది. టీము మొత్తం భారాన్ని ఒక్కచోట ఇంత స్పష్టంగా చూపే వ్యూ మరొకటి లేదన్నది నా అభిప్రాయం, నేను దాన్ని రోజూ వాడతాను కూడా. కానీ ఆటో షెడ్యూల్‌లో, అంటే తేదీలను సాఫ్ట్‌వేరే లెక్కగట్టే పద్ధతిలో, ఉన్న పట్టీని ఇలా లాగిన ప్రతిసారీ, ఆ వెనుక ఒక ప్రారంభ తేదీ కన్‌స్ట్రైంటు పడుతుంది. గాంట్ చార్టులో ఆ టాస్కు పక్కన చిన్న క్యాలెండరు గుర్తు తప్ప మరేమీ కనిపించదు. నెల రోజుల తరవాత ముందున్న పని అనుకున్నదానికంటే వారం ముందే ముగిసినా, ఈ పని మాత్రం వెనక్కి రాదు. కలిసొచ్చిన ఆ వారం ఎవరికీ తెలియకుండానే పోతుంది. ఫలానా తేదీకి పూర్తికావాలని గుర్తుంచుకోవడమే ఉద్దేశమైతే డెడ్‌లైన్ అనే గడి ఉంది. అది టాస్కును కట్టేయదు, గడువు దాటితే హెచ్చరిక చూపుతుంది. తిరిగి షెడ్యూలు చేసిన ప్రతి వారం, పోగుపడ్డ కన్‌స్ట్రైంట్లన్నిటినీ ఒక పట్టికగా తీసి, ఇక అవసరం లేనివాటిని తొలగించడం ప్రణాళిక బాధ్యత ఉన్న వ్యక్తి తప్పనిసరిగా చేయవలసిన పని.

ఒకరి పనిని మరొకరి వరుసలోకి లాగడం గురించి ఇంకొంచెం చెప్పాలి. పైన చెప్పిన టెస్టరు పనిలో మిగిలిన గంటలను మరొకరికి మార్చామనుకుందాం. సాఫ్ట్‌వేరు దృష్టిలో అవి ఎవరు చేసినా అవే గంటలు. కొత్తగా వచ్చిన వ్యక్తి ఆ పనిని అర్థం చేసుకోవడానికి పట్టే సమయం గానీ, పాతవారు దాన్ని అప్పగించడానికి వెచ్చించే సమయం గానీ అందులో ఉండవు. ఆ వ్యక్తి సగం సమయం మరో ప్రాజెక్టులో ఉన్నాడనుకోండి. మనుషుల వివరాలుండే రిసోర్స్ షీట్‌లో అతని మాక్స్ యూనిట్స్, అంటే ఈ ప్రాజెక్టుకు అతను ఇవ్వగల సమయం, 50 శాతం అని నమోదై ఉంటేనే భారం ఎక్కువైందన్న ఎర్రరంగు వస్తుంది. 100 శాతం అని వదిలేసి ఉంటే ఏ హెచ్చరికా రాదు, 24 గంటల పని మూడు రోజుల్లో అయిపోతుందని చార్టు చెబుతుంది. నిజానికి అతనికి దానికి ఆరు రోజులు పడుతుంది. అందుకే ఉమ్మడిగా పనిచేసే మనుషులకు అన్ని ప్రాజెక్టు ఫైళ్లూ పంచుకునే ఒకే రిసోర్స్ పూల్ (మనుషుల ఉమ్మడి జాబితా) ఉండాలి. అది లేనిచోట ప్రతి మేనేజరూ ఆ మనిషి పూర్తిగా తనవాడేననుకుని తేదీలు వేసుకుంటాడు, రెండు షెడ్యూళ్లూ విడివిడిగా సక్రమంగానే కనిపిస్తాయి, ఆ మనిషి మాత్రం వారానికి 80 గంటల పనికి జవాబుదారీ అవుతాడు.

ఇక ఎక్కువైన భారాన్ని సాఫ్ట్‌వేరు చేతనే సర్దించే లెవెలింగ్ సంగతి. ఎర్రరంగు కనిపించగానే లెవెల్ ఆల్ అనే బటన్ నొక్కేయడం చాలా కార్యాలయాల్లో మామూలైపోయింది. ఆ బటన్ ఏం చేస్తుందో తెలుసుకుని నొక్కేవారు తక్కువ. ఒకే వ్యక్తి మీద ఒకే సమయంలో పడ్డ పనుల్లో కొన్నిటిని అది ఆలస్యం చేస్తుంది, లేదా మిగిలిన పనిని ముక్కలు చేసి జరుపుతుంది. పని ఎవరికివ్వాలన్నది అది మార్చదు. ఏ పనిని ఆపి ఏ పనిని ముందు చేయనివ్వాలో నిర్ణయించడానికి టాస్కుల మధ్య లింకులు, స్లాక్ (ప్రాజెక్టు ముగింపు ఆలస్యం కాకుండా పని ఎంత జరగవచ్చో ఆ వ్యవధి), తేదీలు, కన్‌స్ట్రైంట్లతో పాటు ప్రయారిటీ అంకెను కూడా చూస్తుంది. ఆ అంకె 0 నుంచి 1000 వరకు ఉండవచ్చు. 1000 ఇస్తే ఆ పనిని లెవెలింగ్ కదిలించదు. మనం ఏమీ ఇవ్వకపోతే అన్నిటికీ 500 ఉంటుంది. నేను చూసిన షెడ్యూళ్లలో ఎక్కువభాగం ప్రతి పనికీ ఆ 500 అలాగే ఉంటుంది. అంటే ఈ టీముకు ఏది ముఖ్యమో ఎవరూ చెప్పలేదు, మిగిలిన కొలతల ఆధారంగా యంత్రం ఏదో ఒకటి ఎంచుకుంది, దాన్ని ప్రణాళిక అన్నారు. పైగా అది ఇచ్చే ఫలితం అన్నిటికంటే తక్కువ కాలంలో ముగిసే షెడ్యూలు అన్న హామీ కూడా లేదు. పరిమితమైన మనుషులతో అతి తక్కువ కాలంలో పూర్తయ్యే షెడ్యూలును కనుక్కోవడం గణనశాస్త్రంలో అత్యంత కఠినమైన సమస్యల వర్గానికి చెందుతుందని 1983లోనే నిరూపించారు. సాఫ్ట్‌వేరు ఇచ్చేది కొన్ని నియమాల ప్రకారం దొరికిన ఒక వీలైన షెడ్యూలు మాత్రమే. దాన్ని మెరుగుపరచే అవకాశం దాదాపు ఎప్పుడూ ఉంటుంది, ఆ అవకాశం ఎక్కడుందో తెలిసినవాళ్లు ఆ పనులు చేసేవాళ్లే.

నేను గతంలో పనిచేసిన ఒక సంస్థలో జరిగినదాన్ని ఇక్కడ చెప్పాలి. వారాంతంలో ఒక మేనేజరు మొత్తం ప్రాజెక్టును లెవెల్ చేసి కొత్త షెడ్యూలును అందరికీ పంపించారు. సోమవారం ఉదయం ఒక డిజైనరు దాన్ని తెరిచి చూస్తే, ఆమె చేయవలసిన అతి ముఖ్యమైన డ్రాయింగుల పని ఆమె ఎప్పుడో సెలవు మంజూరు చేయించుకున్న వారంలోకి వెళ్లి కూర్చుంది. సెలవు మంజూరు చేసిన కాగితం ఒక శాఖలో ఉంది, షెడ్యూలు ఫైలు మరో శాఖలో ఉంది, ఆమె రిసోర్స్ క్యాలెండర్‌లో ఆ వారం మామూలు పనిదినాలుగానే ఉంది. సాఫ్ట్‌వేరు తనకు తెలిసినంతలో సరైన లెక్కే వేసింది. ఆమెను ఎవరూ అడగలేదు. తరవాత జరిగిన సమావేశంలో, ప్లాన్‌లో తేదీ ఉంది కదా, సెలవు వాయిదా వేసుకోలేవా అన్న ప్రశ్న ఆమెకే ఎదురైంది. ఆమె తల వంచుకుని సరేనంది. అప్పటికి ఆ తేదీ ఆ ప్లాన్‌లోకి వచ్చి మూడు రోజులైనా కాలేదు, అయినా ఆ గదిలో దానికి ఆమె మాటకంటే ఎక్కువ బరువు ఉంది. ఆ అన్యాయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

దాన్ని తప్పించడం కష్టమేమీ కాదు. లెవెలింగ్‌ను ఆటోమేటిక్‌గా ఎప్పుడూ పెట్టకూడదు. పెడితే ఎవరు ఏ చిన్న మార్పు చేసినా షెడ్యూలంతా కదిలిపోతుంది. ముందుగా అందరి సెలవులనూ క్యాలెండర్లలో ఎక్కించాలి. మొత్తం ప్రాజెక్టును కాకుండా ఎవరి మీద భారం ఎక్కువైందో ఆ వ్యక్తి పనులను మాత్రమే లెవెల్ చేసే ఆదేశం ఉంది, దాన్ని వాడాలి. ఉన్న స్లాక్‌ను మించి జరపవద్దన్న ఐచ్ఛికం కూడా ఉంది. దాన్ని ఎంచుకుంటే ప్రాజెక్టు ముగింపు తేదీ కదలదు, సర్దుబాటు కాని పనులు సర్దుబాటు కాలేదని తెలుస్తుంది. అలా తెలియడమే మంచిది, ఎందుకంటే అప్పుడు మనుషులు కూర్చుని మాట్లాడుకోవలసి వస్తుంది. లెవెలింగ్ గాంట్ అనే వ్యూలో ప్రతి పనికీ లెవెల్ చేయకముందు పట్టీ, చేసిన తరవాత పట్టీ రెండూ కనిపిస్తాయి. దాన్ని తెర మీద పెట్టి, పని చేసేవాళ్ల ముందు ఒక్కో మార్పునూ చదివి, కుదరదన్నవాటిని క్లియర్ లెవెలింగ్‌తో వెనక్కి తీసుకున్నాకనే కొత్త షెడ్యూలును విడుదల చేయాలి. ఇది అరగంట సమావేశంలో అయ్యే పని. తీరిక లేదనే మేనేజర్లు, ఆ అరగంట వెచ్చించనందుకు తరవాతి వారాల్లో ఫోన్ల మీద ఎంత సమయం పోతోందో గమనించాలని నా విన్నపం.

మొదట ఆమోదించి దాచుకున్న ప్రణాళిక ప్రతి అయిన బేస్‌లైను విషయంలో నా అభిప్రాయం మరింత గట్టిది. తిరిగి షెడ్యూలు చేసిన ప్రతిసారీ బేస్‌లైనును కూడా కొత్త తేదీలతో చెరిపి రాసే పద్ధతిని ఏ సంస్థా అనుమతించకూడదు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఒక ఫైలులో 11 బేస్‌లైన్ల వరకు భద్రపరుస్తుంది. మొదటిదాన్ని ముట్టుకోకుండా, అధికారికంగా ఆమోదం పొందిన ప్రతి మార్పునూ వేరే సంఖ్యలో దాచుకునే వీలు అందుకే ఉంది. చెరిపి రాసినప్పుడు ఆలస్యం సున్నాగా కనిపిస్తుంది, నివేదిక చూసిన పై అధికారికి అంతా సవ్యంగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ మొదట వేసుకున్న అంచనా ఎంత తప్పింది, ఏ కారణంగా తప్పింది అన్న సమాచారం పోతుంది, తరవాతి ప్రాజెక్టుకూ అదే తప్పుడు అంచనా వేస్తారు. జరిపిన ప్రతి టాస్కుకూ నోట్స్ గడిలో ఎవరు అడిగితే, ఎందుకు జరిపామో ఒక్క వాక్యం రాయాలి. ఆ టెస్టరు విషయంలో, అత్యవసర పనికి పిలవడం వల్ల మూడు రోజులు ఆగింది అని రాసి ఉంటే, మూడు నెలల తరవాత ఆలస్యానికి కారణాలు వెతికేటప్పుడు ఆమె తనను తాను సమర్థించుకోవలసిన అవసరం రాదు.

స్ప్రింట్లు అనే చిన్న చిన్న విడతలుగా పనిచేసే టీములకు ఇదంతా వర్తించదని కొందరు వాదిస్తారు. జిరా వంటి సాధనాల్లో స్ప్రింటు ముగించేటప్పుడు, పూర్తికాని పనులను తరవాతి స్ప్రింటుకు పంపాలా, బ్యాక్‌లాగుకు (ఇంకా చేపట్టని పనుల జాబితాకు) పంపాలా అని అడుగుతుంది. చాలా టీములు ఆలోచించకుండా తరవాతి స్ప్రింటునే ఎంచుకుంటాయి, ఒకే పని మూడు నాలుగు స్ప్రింట్లు దాటి వస్తుంది. పట్టీని లాగడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. అడగవలసిన ప్రశ్న అక్కడా అదే.

మీ పత్రికకు నాదొక అభ్యర్థన. ఈ సాఫ్ట్‌వేర్ల గురించి ఇకముందు ప్రచురించే వ్యాసాల్లో, ప్రణాళిక తయారీకి ఇచ్చినంత స్థలాన్నైనా దాన్ని తిరిగి షెడ్యూలు చేయడానికి కేటాయించండి. శిక్షణ ఇచ్చే సంస్థలకు కూడా ఇదే మనవి: విద్యార్థులకు ఖాళీ ఫైలు ఇచ్చి కొత్త ప్రణాళిక రాయించడంతో సరిపెట్టకుండా, ఇప్పటికే రెండు వారాలు వెనుకబడి, ఇద్దరు సెలవులో ఉండి, ఒకరు రెండు ప్రాజెక్టుల మధ్య నలుగుతున్న ఫైలును వారి చేతికివ్వండి. ఆ ముగ్గురి పాత్రలనూ తోటి విద్యార్థులకే అప్పగించి, వాళ్లతో మాట్లాడకుండా ఒక్క తేదీ కూడా మార్చకూడదని నియమం పెట్టండి.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక ప్రాజెక్టు ప్లానరు